ఎండిన కుంటలో ఏముంది? హైదరాబాద్ పడమటి అంచున కప్పల గొంతుల రికార్డింగు

ఔటర్ రింగ్ రోడ్డుకు కూతవేటు దూరంలో, రెండు అపార్ట్‌మెంటు సముదాయాల నడుమ మిగిలిన ఒక చిన్న కుంట కేసు ఇది. నగరానికి పడమటి అంచున ఉందని మాత్రం చెప్పగలను. హద్దుల తగవు ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. మే నెలలో అక్కడ నీటిచుక్క ఉండదు. పగుళ్లిచ్చిన మట్టి, అంచున సర్కారు తుమ్మ, ఒక మూల ఎవరో రాత్రిపూట తెచ్చి పోసిన ఇళ్ల శిథిలాలు కనిపిస్తాయి. అయినా కట్ట ఉంది, తూము ఉంది, అలుగు ఉంది. నిండితే అలుగు దాటిన నీరు కాలువ పట్టుకుని దిగువ చెరువుకు పోతుంది. పాత గొలుసుకట్టు చెరువుల్లో ఇదొక చిన్న లంకె.

పక్క సముదాయంలోని నివాసుల సంఘం ఈ కుంటను సొంత ఖర్చుతో బాగుచేయించడానికి ముందుకొచ్చింది. చుట్టూ నిటారు రాతి గోడ, నడక బాట, ఫ్లడ్‌లైట్లు, మధ్యలో ఫౌంటెన్ వాళ్ల ప్రణాళికలో ఉన్నాయి. శిథిలాలు తీయించి నీటిని నిలపాలన్న కోరిక నూటికి నూరుపాళ్లు మంచిదే. అయితే సంఘం సభ్యురాలైన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి మాత్రం, వానాకాలంలో తన బాల్కనీలోకి వినిపించే కప్పల సంగతి ఏమవుతుందన్న బెంగ పట్టుకుంది. ఏడాదిలో సగానికి పైగా ఎండి ఉండే గుంతలో ఏ ప్రాణి ఉంటుందని మిగతావాళ్లు అడిగితే, తేల్చి చెప్పే ఆధారం కోసం ఆమె నాకు ఫోను చేశారు. శబ్దాలు రికార్డు చేసి, వాటి ద్వారా జీవుల ఉనికిని నమోదు చేయడం నా వృత్తి. పక్షులతో మొదలుపెట్టి, కొన్నేళ్లుగా ఎక్కువగా కప్పల మీదే పనిచేస్తున్నాను.

ఎండిన కుంట చచ్చిన కుంట అనేవాళ్లకు నోటిమాట జవాబు కాదు. ఏ రాత్రి, ఏ గంటకు, ఏ మూల నుంచి, ఏ జాతి అరిచిందో వాళ్ల చెవులకు వినిపించాలి. ఇందులో చేసిన పనంతా ఆ రుజువు కోసమే.

కళ్లతో వెతకడం కంటే చెవులతో వెతకడం ఎందుకు మేలు అంటే, అరుపులో ఉన్నంత సమాచారం చీకట్లో కంటికి దొరకదు. అరిచేది దాదాపు ఎప్పుడూ మగకప్పే. ఊపిరితిత్తుల్లోని గాలిని స్వరపేటిక మీదుగా గొంతు సంచిలోకి నెడుతూ, తిరిగి వెనక్కి తీసుకుంటూ, నోరు మూసుకునే అరుస్తుంది. ఒక్కో జాతి అరుపుకు ఒక్కో కట్టు ఉంటుంది. ఆ కట్టును బట్టే ఆడకప్ప తన జాతి మగకప్పను పోల్చుకుంటుంది. పొలం గట్ల మీద కనిపించే చిన్న కప్పల్లో కొన్ని జాతులు చూపుకు ఒకేలా ఉంటాయి. అలాంటివాటిని నిపుణులు అరుపునూ డీఎన్‌ఏనూ కలిపి చూసి విడదీస్తున్నారు. పడమటి కనుమల్లో కప్పల శాస్త్రవేత్త ఎస్.డి. బిజు బృందం వెలుగులోకి తెచ్చిన పలు జాతుల వర్ణనలో అరుపుల విశ్లేషణకు చోటుంది. మాకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. మగకప్ప అరుస్తోందంటే, ఆ నీటిని అది గుడ్లు పెట్టదగిన చోటుగా ఎంచుకుందని అర్థం. సంఘం తెలుసుకోవలసిన ముఖ్య విషయం అదే.

ఎండలో చేసిన పని

రాత్రి రికార్డింగు నాణ్యత సగం పగలే తేలిపోతుంది. మేలోనే కుంటంతా తిరిగి చేతి పటం గీసుకున్నాను. రోడ్డు ఎటు, కట్ట ఎటు, గాలి ఎటు, నీరు నిలిచే పల్లం ఎటు అన్నవి అందులో ప్రధానం. ఆ శిఖంలో, అంటే కుంట నీరు పరుచుకునే నేలలో, గేదెలు కాసే పెద్దాయన ఒకరు చాలాకాలంగా కుంటను చూస్తున్నారు. "తాతా, వాన పడితే నీళ్లు మొదట ఎక్కడ నిలుస్తాయి?" అని అడిగాను.

"ఆ తుంగ పక్కన పల్లం ఉంది చూడు అమ్మా, ముందు అదే నిండుతుంది. పసుపు పచ్చటి బోదురు కప్పలు అందులోనే దిగుతాయి. కానీ మృగశిర జల్లులకు లేవవు, ఆరుద్రలో గట్టి వాన పడాలి" అన్నారు.

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, ఆరుద్ర 21, 22 తేదీల్లో. నా పటంలో పల్లం మీద ఒక గుర్తు, క్యాలెండర్‌లో ఒక గుర్తు పడ్డాయి. ఇలాంటి కబురు ఏ ఉపగ్రహ చిత్రంలోనూ దొరకదు. ఏ నీటి దగ్గర పని ఒప్పుకున్నా, అక్కడ పశువులు కాసేవాళ్లతోనో చేపలు పట్టేవాళ్లతోనో ముందుగా మాట్లాడతాను.

పరికరాలు రెండు రకాలు వాడాను. ఒకటి చేతి రికార్డర్. దానికి ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టే షాట్‌గన్ మైకు, గాలి చప్పుడును ఆపే బొచ్చు తొడుగు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు ఉన్నాయి. రెండోది కట్టేసి వదిలేసే ఆడియోమాత్. అరచేతిలో ఇమిడిపోయే ఈ రికార్డర్ మూడు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది, మైక్రోఎస్‌డీ కార్డులో దాచుకుంటుంది. దాని శాంప్లింగ్ రేటును, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్నదాన్ని, 48 కిలోహెర్ట్జ్‌కు పెట్టి, సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా ప్రతి పావుగంటలో 5 నిమిషాలు రికార్డు చేసేలా అమర్చాను. 16 బిట్ మోనోలో గంట రికార్డింగుకు సుమారు 346 మెగాబైట్లు అవుతుంది. ఈ లెక్కన రాత్రికి 1.4 గిగాబైట్లు. 32 గిగాబైట్ల కార్డు మూడు వారాలకు చాలుతుంది. శాంప్లింగ్ రేటులో సగం దాకా మాత్రమే పౌనఃపున్యాలు నమోదవుతాయి. మన కప్పల అరుపుల్లో పనికొచ్చేదంతా 8 కిలోహెర్ట్జ్ లోపే ఉంటుంది కాబట్టి వాటికి మాత్రమే అయితే 16 కిలోహెర్ట్జ్ సరిపోయేది. కానీ అదే ఫైలులో కీచురాళ్లూ ఉంటాయి. రేపు కీటకాలపై పనిచేసేవాళ్లకు ఆ ఫైళ్లు అక్కరకు రావాలన్నది నా కోరిక.

వానలో వదిలేసే రికార్డర్‌కు పెద్ద చిక్కు నీరు లోపలికి పోవడం కాదు, ప్లాస్టిక్ పెట్టె మీద పడే చినుకుల చప్పుడు. కప్పలు గట్టిగా అరిచే వేళలోనే చినుకులూ పడతాయి. తుమ్మ మాను వంగిన వైపు, కొమ్మ అడుగున, ఛాతీ ఎత్తులో పెట్టెను కట్టి, దానికి జానెడు పైన రెండు మడతల గోనెపట్టాను పందిరిలా బిగించాను. తడిసిన గోనె చినుకును మింగేస్తుంది. మైకు రంధ్రం పల్లం వైపు, కాస్త కిందికి వంచి ఉంచాను.

ఫోనుతో రికార్డు చేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. జాతిని గుర్తించడానికి చాలాసార్లు చాలుతుంది. కొలతలకు మాత్రం చాలదు. ఫోను మనిషి మాట కోసం తయారైంది. ఆగకుండా వచ్చే శబ్దాన్ని అది రొదగా భావించి అణచివేస్తుంది, చిన్న శబ్దాన్ని తనంతట తానే పెంచుతుంది. ఏది నిజంగా గట్టిగా అరిచిందో ఆ తర్వాత తెలియదు. రికార్డర్‌లో ఆటోమేటిక్ గెయిన్ (శబ్దాన్ని తానే పెంచి తగ్గించే అమరిక) ఆపేసి, గట్టి అరుపు కూడా మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చేత్తో సరిచేసుకోవాలి. ఫైలు వేవ్ రూపంలోనే ఉండాలి, ఎంపీ3 వద్దు.

ఆరుద్ర వాన

ఆరుద్ర ప్రవేశించిన కొద్ది రోజులకు ఒక సాయంత్రం కుండపోతగా వాన కురిసింది. తెరపి ఇచ్చాక, మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, నా సహాయకుడితో కలిసి శిఖంలోకి దిగాను. బూట్లు వేసుకోవడం పాముల కోసం. కప్పలు లేచిన రాత్రి రక్తపింజరలు, కట్లపాములు తిరుగుతాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టాం, ఎర్ర వెలుగు కప్పలను తక్కువగా బెదరగొడుతుంది.

పల్లానికి ఇంకా పది అడుగులు ఉండగా కాలి దగ్గర ఒక మట్టిపెల్ల కదిలింది. పెల్ల అంచు పైకి లేచి, పక్కకు ఒరిగి, అడుగు నుంచి మొద్దు ముక్కు ఒకటి బయటపడింది. తర్వాత చిన్న కళ్లు. ఆ తర్వాత ఉబ్బిన గుండ్రటి ఒళ్లు, బురద పూసుకుని, ముందు కాళ్లతో తనను తాను పైకి లాక్కుంటూ వచ్చింది. యూపెరోడాన్ సిస్టోమా. బెలూన్ కప్ప అంటారు. వెనక పాదాల మీద పారల వంటి గట్టి బుడిపెలతో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ నేలలోకి దిగి, ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. చెదలు, చీమలు దాని ఆహారం. అది కాసేపు కదలకుండా ఉండి, తడి నేల మీద పల్లం వైపు నడిచింది. ఆ నిమిషంలో మా మధ్య మాటల్లేవు. సంఘం అడిగిన ప్రశ్నకు జవాబు మా కాళ్ల ముందే నడిచిపోతోంది.

పల్లంలో బోదురు కప్పలు అప్పటికే దిగాయి. హోప్లోబాట్రాకస్ టైగరినస్ మగవి, మిగతా రోజుల్లో ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో ఉండేవి, ఆ రాత్రికి నిమ్మపండు రంగు తేలి ఉన్నాయి. గొంతుకు రెండు వైపులా నీలం సంచులు ఉబ్బుతున్నాయి. ఇవి తొలి గట్టి వానలకు ఒక్కసారిగా గుమిగూడి, కొద్ది రాత్రుల్లోనే గుడ్లు పెట్టడం ముగించే జాతి. ఆ కొద్ది రాత్రులు దాటితే మళ్లీ ఏడాదే. స్థిర రికార్డర్ ముందే కట్టి ఉంచడానికి కారణం ఇదే. వాన పడ్డాక సామాను సర్దుకుని బయలుదేరితే తొలి గంటలు పోతాయి.

మనుషుల అలికిడికి అన్నీ మూగబోయాయి. ఇక్కడ చేయవలసింది ఒక్కటే, కదలకుండా నిలబడటం. స్టాండు మీద మైకు బిగించి, కేబులు చేత్తో పట్టుకోకుండా వదిలేసి, టార్చి ఆపి ఉండిపోయాం. ముందు అవతలి గట్టు నుంచి ఒక గొంతు, దానికి ఇంకొకటి జవాబు, ఆ తర్వాత అన్నీ. రికార్డు చేసిన అరుపును వినిపించి కప్పలను రెచ్చగొట్టే పద్ధతి కొందరికి ఉంది. కొద్ది రాత్రుల్లో సంతానం పని ముగించుకోవలసిన ప్రాణుల మీద దాన్ని వాడటం నాకు సమ్మతం కాదు.

అందరూ ఒక్కసారి అరుస్తున్నప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోవడం కప్పల తక్కెడే. అందుకే ఉత్తర అమెరికా సర్వేల్లో వాడే సూచికనే వాడుతాను. అరుపు లేకపోతే 0, విడివిడిగా లెక్కకు అందితే 1, ఒకదాని మీద ఒకటి పడుతున్నా గొంతులు తెలిస్తే 2, అంతా కలిసిపోయి ఎడతెగని రొద అయితే 3. ఆ రాత్రి పల్లం దగ్గర బోదురు కప్పలకు 3 వేశాను.

ప్రతి రికార్డింగు చివర్లో నా గొంతుతోనే వివరాలు చెబుతాను: తేదీ, సమయం, చోటు, ఏ కప్ప, మైకుకు ఎంత దూరం, నీటి ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత. ఉష్ణోగ్రత లేని రికార్డింగును నేను సగం రికార్డింగుగానే చూస్తాను. కప్ప ఒంటి వేడి పరిసరాలను బట్టి మారుతుంది, దానితో అరుపులోని దరువు వేగమూ మారుతుంది. 22 డిగ్రీల రాత్రి తీసిన అరుపునూ 28 డిగ్రీల రాత్రి తీసిన అరుపునూ ఆ అంకెలు లేకుండా పక్కపక్కన పెడితే, ఒకే జాతి రెండు జాతులుగా కనిపించవచ్చు. నీటిలో తేలుతూ అరిచేదానికి నీటి ఉష్ణోగ్రత, గట్టు మీద అరిచేదానికి గాలి ఉష్ణోగ్రత ముఖ్యం.

నగరం చప్పుడు

ఈ కుంట దగ్గర అసలు పోరాటం రోడ్డుతో. వాహనాల హోరులో ఎక్కువ శక్తి 1 కిలోహెర్ట్జ్ దిగువన ఉంటుంది. బోదురు కప్ప లావు గొంతుకూ ఆ కింది మెట్టులోనే చోటు కావాలి. ఫిల్టరు వేసి రోడ్డును తీసేస్తే కప్ప గొంతులో ఒక భాగమూ పోతుంది. కాబట్టి ఫిల్టరును గాలి చప్పుడు మేరకు, 80 హెర్ట్జ్ దగ్గరే ఆపేశాను. మిగతా పని కట్ట చేసింది. రోడ్డు కట్టకు అవతల ఉంది. కట్ట లోపలి వాలు అడుగున కూర్చుని, రోడ్డుకు వీపు పెట్టి, మైకు వెనక వైపు రోడ్డుకు ఉండేలా చూసుకుంటే హోరు స్పష్టంగా తగ్గింది.

అన్నిటికన్నా నమ్మదగిన సాధనం దగ్గరికి వెళ్లడం. శబ్దం వచ్చే చోటికి దూరం సగమైన ప్రతిసారీ స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 8 మీటర్ల నుంచి 1 మీటరుకు వెళ్తే 18 డెసిబెల్స్. రోడ్డు హోరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎంత ఖరీదైన మైకు కొన్నా ఈ లాభం రాదు.

రోజులను ఎంచుకోవడంలో పంచాంగం సాయం చేసింది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, దగ్గరలోని ఫంక్షన్ హాళ్లు నిశ్శబ్దంగా ఉంటాయి. ఆరుద్ర, పునర్వసు కార్తెల వానలూ చాలావరకు ఆ నెలలోనే పడతాయి. ఆదివారాలు బోనాల డప్పులు ఉంటాయి కాబట్టి చేతి రికార్డింగుకు పనిరోజుల్లో అర్ధరాత్రి దాటాక వెళ్లాను. స్థిర రికార్డర్ అన్నిటినీ పట్టింది. డప్పులు, విమానాలు, రాత్రి కాపలాదారు ఈల. ఆ ఈల వేళలు ప్రతి రాత్రీ దాదాపు ఒకేలా ఉండటంతో, రికార్డర్ గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి అదే పనికొచ్చింది.

గిట్ట గుంటలోని గొంతు

బోదురు కప్పల హడావిడి కొద్ది రాత్రుల్లోనే సద్దుమణిగింది. ఆ తర్వాతే చిన్నవాటి వంతు. తుంగ అంచున ఒక గొంతు దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టు ఆగకుండా వినిపించేది. మైక్రోహైలా ప్రజాతి కప్ప. మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు గానీ, దగ్గర నుంచి మైకును పగలగొట్టేంత గట్టిగా అరుస్తుంది. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చెవికి తెలుస్తుంది, కంటికి కనపడదు.

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. నేనూ సహాయకుడూ రెండు మూడు మీటర్ల ఎడంగా నిలబడి, ఎవరికి ఎటు వినిపిస్తే అటు టార్చి వేశాం. రెండు వెలుగులూ కలిసిన చోట గేదె గిట్ట దిగబడిన గుంట ఉంది. అందులో అరచేతిలో పట్టేంత నీరు. గుంట గోడకు ఆనుకుని, వీపు మీద ముదురు గోధుమ రంగు మచ్చతో, తన ఒంటికన్నా పెద్దదిగా కనిపించే గొంతు సంచిని ఊపుతూ ఆ కప్ప కూర్చుని ఉంది. గెయిన్ రెండు మెట్లు తగ్గించి, మీటరు దూరం నుంచి రికార్డు చేశాను. పటంలో ఆ అంచంతా గిట్ట గుంటలే. నిటారు గోడ కట్టి అంచును చదును చేస్తే పోయేది మొదట ఇవే.

తూము దగ్గర లోతు నీటిలో యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్, నీటి మీదే గెంతుతూ పారిపోయే కప్ప, వానలు తగ్గాకా అరుస్తూనే ఉంది. గట్టు మీద గరుకు ఒంటి టోడ్, డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్, సాగదీసిన కంపిత స్వరంతో పలికింది. పంపు గది గోడ మీద, నీటి మీదికి వంగిన కొమ్మల్లో చెట్టుకప్ప, పాలీపెడేట్స్ మాక్యులేటస్, తెరిపి తెరిపిగా టక్ టక్ మంది. దాని నురగ గూడు ఒకటి కొమ్మకు వేలాడుతూ కనిపించింది. గూట్లో పొదిగిన పిల్లలు కింద నీటిలోకి జారిపడతాయి. కొమ్మ కింద నీరు లేకుండా నడక బాట వస్తే ఆ గూడు వృథా.

ఫైళ్లను ఆడాసిటీ, రావెన్ లైట్ అనే శబ్ద సాఫ్ట్‌వేర్లలో తెరిచి స్పెక్ట్రోగ్రామ్‌లు చూశాను. అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం ఉండే ఈ చిత్రంలో కీచురాళ్లు పైన సన్నటి గీతలుగా, రోడ్డు అడుగున మసకగా, కప్పలు వాటి మధ్య అచ్చుల్లా పడతాయి. ఇక్కడ కిటికీ పరిమాణం, అంటే ఒక్కో విడత విశ్లేషించే శబ్దపు ముక్క ఎంత పొడవో, చూసుకోవాలి. 48 కిలోహెర్ట్జ్ ఫైలులో 1024 శాంపిళ్ల కిటికీ అంటే 21 మిల్లీసెకన్లు. మైక్రోహైలా అరుపులోని దరువులు అంతకన్నా దగ్గరగా ఉంటే అన్నీ అలుక్కుపోయి ఒకే పట్టీగా కనిపిస్తాయి. 256కు తగ్గిస్తే కిటికీ 5 మిల్లీసెకన్లే, దరువులు విడివిడిగా లెక్కకు అందుతాయి. బదులుగా పౌనఃపున్యం సూక్ష్మత తగ్గుతుంది. అందుకని స్వరస్థాయిని పెద్ద కిటికీలో, దరువును చిన్న కిటికీలో కొలుస్తాను.

సంఘం ముందు

నివేదికతో పాటు రెండు రికార్డింగులు వినిపించాను. ఒకే తుమ్మ, ఒకే ఎత్తు, ఒకే గెయిన్. మేలో తీసిన రాత్రిలో రోడ్డు, కీచురాళ్లు. ఆరుద్రలో తీసిన రాత్రిలో పల్లమంతా కప్పలు. విన్నాక ఒక పెద్దాయన, చిన్నప్పుడు వానల కోసం రోకలికి కప్పను కట్టుకుని కప్పతల్లి ఆడుతూ ఇంటింటికీ తిరిగిన సంగతి చెప్పారు. ఆ తర్వాత గది మాటతీరు మారింది.

కార్యదర్శి వేసిన ప్రశ్న గట్టిది: "ఇవి పక్క చెరువు నుంచి వానకు వచ్చిపోయేవి కావా?" బోదురు కప్పలు కొంత దూరం నుంచి రావచ్చు, కాదనను. కానీ బెలూన్ కప్ప ఆ నేలలోంచే లేవడం మేమిద్దరం చూశాం. అదే రాత్రి దాని గొంతు రికార్డయింది. కొన్ని వారాలకు పల్లం అంచున కాళ్లు మొలిచిన పిల్లకప్పలు గట్టెక్కుతూ కనిపించాయి, వాటి ఫొటోలూ ఉన్నాయి. నిటారు గోడ ఉంటే ఆ పిల్లలు నీటిలోంచి బయటికి రాలేవు. పెద్దవి తిరిగి నేలలోకి దిగలేవు.

ప్రపంచంలోని ఉభయచర జాతుల్లో దాదాపు 41 శాతం ముప్పులో ఉన్నాయని 2023లో వెలువడిన అంచనా తేల్చింది. మన కుంటలో ఉన్నవి అరుదైన జాతులు కావని వాళ్లకు స్పష్టంగానే చెప్పాను. సాధారణమైనవి సాధారణంగానే మిగలాలన్నది నా వాదన.

చివరికి సంఘం ప్రణాళికను మార్చుకుంది. శిఖం వైపు గోడ ఉండదు, మట్టి వాలు అలాగే ఉంటుంది. ఫౌంటెన్ హోరు అన్ని స్థాయిలనూ కప్పేస్తుంది కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా చీకటి పడ్డాక ఆపేస్తారు. పల్లం వైపు దీపాలను ప్రణాళికలోంచి తీసేశారు. మిగతావాటిని ఏ గంటకు ఆర్పాలన్నది ఇంకా తెగలేదు, భద్రత గురించి వాళ్ల ఆందోళనా సబబైనదే. మట్టి వాలు మీద సిమెంటు పడకుండా చూసే బాధ్యతను ఆ ఉపాధ్యాయురాలు తీసుకున్నారు.

మూల ఫైళ్లు వివరాలతో సహా మూడు చోట్ల దాచాను. ఎంపిక చేసిన అరుపులను, కచ్చితమైన స్థలం కనపడకుండా చేసి, జీవుల ఉనికిని నమోదు చేసే వెబ్‌సైటు ఐనాచురలిస్ట్‌లో పెట్టాను. వేరే చెరువుకు వెళ్లే ముందు బూట్లను బ్లీచింగ్ ద్రావణంతో కడిగి ఎండబెడతాం. కప్పల చర్మానికి సోకే కైట్రిడ్ బూజు ఒక నీటి నుంచి ఇంకో నీటికి మన కాళ్లతో పోకూడదు.

పనులు వచ్చే వేసవిలో మొదలవుతాయి. మృగశిరకు ముందే ఆడియోమాత్‌ను అదే తుమ్మకు, అదే ఎత్తున, అవే సెట్టింగులతో కడతాను. గోడ వచ్చే తూర్పు వైపు రెండోది పెట్టడానికి సంఘం ఒప్పుకుంది.